ఆకాశమునకు చెవియొగ్గు వేధశాల

వేధశాల యనగానే మనకు దూరదర్శిని జ్ఞప్తికి వచ్చును. గుండ్రని గోపురమును, అందుండి ఆకాశమువంకకు చాచిన పొడవైన గొట్టమును, దానికి కన్నానించి కూర్చున్న శాస్త్రజ్ఞుడును మన మనస్సునకు తోచుదురు. అట్టి వేధశాలలు మన దేశమున తొల్లినుండియు గలవు. కాని యిప్పుడు మన దేశమున కట్టబడుచున్న వేధశాల వేఱొక విధమైనది. దానికి గోపురము లేదు, దూరదర్శినియు లేదు. రాత్రియు పగలును, మబ్బులోను వానలోను అది యొకే తీరున పనిచేయును. అది ఆకాశమును చూచునది కాదు, వినునది యనుట యొప్పును. దాని పేరు లైగో-ఇండియా. ఆ వేధశాల యెట్టిదో, ఎందులకు కట్టబడుచున్నదో, దానికిని మన మల్కాపురపు బాలబాలికలకును సంబంధమేమో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా జరిగిన విషయములను చెప్పెదము. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఈ వేధశాలకు సూత్రప్రాయముగా సమ్మతి తెలిపెను. ఆ సంవత్సరమే మార్చి 31వ తేదీన అమెరికాతో ఒడంబడిక జరిగెను. ఏడేండ్లకు పిమ్మట, 2023వ సంవత్సరము ఏప్రిలు నెలలో, 2600 కోట్ల రూపాయల వ్యయమునకు మంత్రివర్గము తుది యనుమతి నిచ్చెను. ఆ యేడే మే 11వ తేదీన, జాతీయ సాంకేతిక దినోత్సవమునాడు, ఢిల్లీలో జరిగిన సభనుండి ప్రధానమంత్రి శంకుస్థాపన గావించిరి. ఆ సభలోనే మన విశాఖపట్టణమునకు చెందిన రెండు సంస్థలు జాతికి అంకితము చేయబడెను. అందొకటి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి. రెండవది అరుదైన లోహములతో శాశ్వతాయస్కాంతములను చేయు కర్మాగారము. ఒకే దినమున రోగులకొక ఆసుపత్రియు, పరిశ్రమలకొక కర్మాగారమును, జ్ఞానమునకొక వేధశాలయు ప్రస్తావనకు వచ్చినవి. ఈ మూడింటిలో మొదటి రెండింటి ప్రయోజనము ఎవ్వరికిని వేఱుగ చెప్ప నక్కఱలేదు. మూడవదాని సంగతియే వివరింపవలసి యున్నది.

వేధశాలకు ఎన్నుకొనిన స్థలము మహారాష్ట్రమున హింగోలి జిల్లాలోని ఔంఢా నాగనాథ్ సమీపమున గలదు. ఆ యూరు ప్రాచీనమైన శివాలయమునకు ప్రసిద్ధి గాంచినది. 1956వ సంవత్సరము వఱకు ఆ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిదే. అది నాందేడునకు పొరుగు. కావున తెలుగువారికి అది మిక్కిలి దూరపు భూమి కాదు. పూనాలోని ఖగోళశాస్త్ర కేంద్రమును, గాంధీనగరులోని ప్లాస్మా పరిశోధన సంస్థయు, ఇందూరులోని రాజా రామన్న సాంకేతిక కేంద్రమును, పరమాణుశక్తి శాఖవారి నిర్మాణ విభాగమును కలసి యీ పనిని నిర్వహించుచున్నవి. 2030వ సంవత్సర ప్రాంతమునకు దీనిని ముగింపవలెనని సంకల్పము.

ఇక వేధశాల దేనిని విననున్నదో చెప్పెదము. చెట్టునుండి రాలిన పండు నేలపై పడుటకును, చంద్రుడు భూమిచుట్టు తిరుగుటకును కారణ మొక్కటియే యని న్యూటను పండితుడు చూపెను. ఆ కారణమునకు గురుత్వాకర్షణ మని పేరు. 1915వ సంవత్సరమున ఐన్‌స్టైను పండితుడు ఆ విషయమును ఇంకను లోతుగా విచారించెను. బరువైన వస్తువు తన చుట్టునున్న అంతరాళమునే, అనగా వస్తువుల నడుమనుండు చోటునే, వంచుననియు, ఆ వంపును బట్టి తక్కిన వస్తువులు నడచుననియు ఆయన చెప్పెను. నలుగురు నాలుగు చెఱగులు పట్టి బిగించిన దుప్పటి నడుమ ఇనుపగుండు నుంచినచో దుప్పటి క్రుంగును గదా; ప్రక్కన గోలీని విడిచినచో అది గుండువైపునకే దొర్లును. ఈ పోలికచే ఆ సిద్ధాంతమును కొంతవఱకు గ్రహింపవచ్చును.

మఱుసటి సంవత్సరమున ఐన్‌స్టైను మఱియొక సంగతి చెప్పెను. దుప్పటిలోని గుండును కదలించినచో దుప్పటి యంతయు అలలాడును. అట్లే గొప్ప బరువుగల వస్తువులు వేగముగా కదలినప్పుడు అంతరాళములో అలలు పుట్టి, సెకనునకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో, అనగా కాంతివేగముతోనే, నలుదిక్కులకు వ్యాపించును. వీనికే గురుత్వ తరంగములని పేరు. సముద్రపు అల నీటిని కదలించును. ధ్వని గాలిని కదలించును. ఈ తరంగమో, చోటునే సాగదీసి ముడుచును. అది మన మీదుగా పోవునప్పుడు మన శరీరములును, ఇండ్లును, కొండలును ఒక దిక్కున రవంత సాగి, అడ్డముగా రవంత ముడుచుకొనును. మఱుక్షణమున ఆ సాగుట ముడుచుకొనుట తాఱుమాఱగును. కాని యా మార్పు మనకెవ్వరికిని తెలియదు.

ఏల తెలియదన, అది మిక్కిలి స్వల్పము గనుక. ఎంత స్వల్పమో చెప్పుటకు లెక్క యొకటి చూపెదము. సూర్యుని విడిచినచో మనకు మిగుల దగ్గఱనున్న నక్షత్రమునకు పోవుటకు కాంతికే నాలుగేండ్లకు పైగా పట్టును. భూమినుండి ఆ నక్షత్రము వఱకుగల దూరమంతయు ఒక సన్నని తలవెండ్రుక మందమంత హెచ్చినచో నెంతయో, గురుత్వ తరంగమువలన కలుగు మార్పు అట్టి నిష్పత్తిలో నుండును. 4 కిలోమీటర్ల పొడవునందు ఆ మార్పు, పరమాణువు కేంద్రమున నుండు ప్రోటానును సుమారు నాలుగువందల ముక్కలు చేసిన అందొక ముక్క యంతటిది. దీనిని కొలుచుట మనుష్యులకు సాధ్యమా యని పెక్కుమంది పెద్దలే సందేహించిరి.

కొలుచు ఉపాయము మన రేవు కాలువలోని నీటిని చూచినవారికి సులభముగా బోధపడును. రెండు ప్రక్కలనుండి వచ్చు అలలు కలసికొనునప్పుడు, ఒకదాని శిఖరము రెండవదాని శిఖరముతో కూడినచో అల హెచ్చును. శిఖరము పల్లముతో కూడినచో రెండును అడగి నీరు సమమగును. కాంతియు అలయే కావున అదియు నిట్లే చేయును. వేధశాలలో ఒక లేసరు కిరణమును రెండుగా చీల్చి, సమకోణముగా నిర్మించిన రెండు బాహువులలోనికి పంపుదురు. ఒక్కొక్క బాహువు పొడవు 4 కిలోమీటర్లు. ఆ చివరనున్న దర్పణములు కిరణములను త్రిప్పిపంపగా అవి మరల వచ్చి కలసికొనును. బాహువులు రెండును సరిపోయినంతకాలము శిఖరము పల్లముతో కూడి వెలుగు అడగునట్లు అమర్తురు. గురుత్వ తరంగము వచ్చి ఒక బాహువును రవంత సాగదీసి రెండవదానిని ముడిచినచో ఆ సమత తప్పి, చీకటియున్న చోట వెలుతురు తొంగిచూచును. ఆ వెలుతురుయొక్క హెచ్చుతగ్గులను వ్రాసికొనుటయే వేధశాల పని. ఆ హెచ్చుతగ్గులు సెకనునకు కొన్ని పదులు మొదలుకొని కొన్ని వందల సార్లు జరుగును. మన చెవి గ్రహించు ధ్వనులును అట్టివే గనుక, వానిని ధ్వనిగా మార్చి వినవచ్చును. వేధశాల వినుచున్నదని మేము చెప్పుట ఇందువలననే.

చెప్పుట సులభమే కాని చేయుట కష్టము. కిరణము పోవు గొట్టములో గాలి యున్నచో ఆ గాలి కదలికయే కొలతను చెఱచును. కావున గొట్టములోని గాలిని తీసివేయవలెను. అమెరికాలోని వేధశాలల గొట్టములు 1.2 మీటర్ల వ్యాసము గల త్రుప్పుపట్టని యుక్కు గొట్టములు. వాని లోపలి యొత్తిడి బయటి గాలి యొత్తిడిలో లక్షకోటవ వంతు మాత్రమే. 8 కిలోమీటర్ల గొట్టములో ఎక్కడనైన నొక యతుకు సూదిమొనయంత కారినను పని చెడును. భూమి గుండ్రముగా నుండుటచేత 4 కిలోమీటర్లలో నేల సుమారొక మీటరు వంగిపోవును. కాంతి తిన్నగా పోవును గనుక ఆ వంపును సైతము లెక్కించి గొట్టమును అమర్పవలెను. దర్పణములు ఒక్కొక్కటి 40 కిలోల బరువుగల స్వచ్ఛమైన గాజుబిళ్లలు. నేల కదలిక వానికి సోకకుండ, ఒకదానిక్రింద నొకటిగా వ్రేలాడు నాలుగు లోలకములలో చివరిదానిగా, సన్నని గాజు తీగలతో వానిని వ్రేలాడదీయుదురు.

ఇచ్చట మన విద్యార్థులు ఒక ప్రశ్న వేయవచ్చును. విశాఖపట్టణమున కొండలు గలవు, రేవు గలదు, ఇంజనీర్లు గలరు, ఉక్కు గలదు. ఇంతటి వేధశాలను ఇక్కడనే ఏల కట్టరాదు? ఇది మంచి ప్రశ్న. దీనికి ఉత్తరము మన కాళ్లక్రిందనే యున్నది. మల్కాపురపు నేల నిశ్చలముగా నుండు నేల కాదు. ఒకవంక 1933వ సంవత్సరమున తెఱవబడిన రేవు. ఒకవంక స్వతంత్ర భారతమున తొలి యావిరి యోడయైన జల ఉషను 1948లో నీటిలోనికి దింపిన ఓడల కర్మాగారము. మఱియొకవంక చమురు శుద్ధి కర్మాగారము. కొంతదూరమున ఉక్కు కర్మాగారము. వీని నడుమ రాత్రింబవళ్లు సరకు మోయు రైళ్లు. ఇవన్నియు లేకున్నను సముద్రమొక్కటే చాలును. అలలు నిరంతరము తీరమును కొట్టుచు, సముద్రపుటడుగును అదుముచు నుండుటచేత భూమి సన్నగా వణకుచుండును. ఆ వణకు మన కాళ్లకు తెలియదుగాని యంత్రమునకు తెలియును. అమెరికాలో లివింగ్‌స్టన్ వద్దనున్న వేధశాలకు మెక్సికో సింధుశాఖలోని తుపాను అలలును, చుట్టుపట్ల అడవిలో మ్రాకులు నఱకుటయు సైతము ఆటంకములైనవి. కావుననే రైలుమార్గములకును పెద్ద కర్మాగారములకును సముద్రమునకును ఎడముగానున్న దక్కను పీఠభూమిని మనవా రెన్నుకొనిరి. ఓడలు కట్టు చోటు వేఱు, నక్షత్రముల నాలకించు చోటు వేఱు. అయినను ఉక్కును వంచి యతికి, నీరు చొరకుండ పరీక్షించు నేర్పు రెండు చోట్లను కావలసినదే. ఓడల కర్మాగారమున పనిచేయు తండ్రుల బిడ్డలు ఈ సంగతిని మఱువరాదు.

ఇట్టి వేధశాలలు రెండింటిని అమెరికావారు హాన్‌ఫర్డు, లివింగ్‌స్టన్ అను చోట్ల కట్టిరి. 2002వ సంవత్సరమునుండి 2010 వఱకు అవి ఆలకించెను, ఏమియు వినబడలేదు. ఎనిమిదేండ్లు వినియు ఏమియు వినకుండుట ఎంతటి వారికైనను నిరాశ కలిగించును. ఆ కాలముననే యొక విశేషము జరిగినది. 2010వ సంవత్సరము సెప్టెంబరులో యంత్రములందు ఒక తరంగపు గుఱుతు కానవచ్చెను. శాస్త్రజ్ఞులు నెలల తరబడి దానిని పరిశీలించి, ప్రకటన వ్యాసము సైతము సిద్ధపఱచుకొనిరి. 2011 మార్చిలో అందఱును కూడిన సభలో మూసియున్న లకోటా నొకటి విప్పిరి. ఆ గుఱుతు నిజమైనది కాదనియు, తమ్ము తాము పరీక్షించుకొనుటకై తమలో కొందఱు రహస్యముగా యంత్రములో ప్రవేశపెట్టినదనియు అందు వ్రాసియుండెను. ఇట్టి పరీక్ష జరుగవచ్చునని యందఱికిని ముందే తెలియును; ఎప్పుడు జరుగునో మాత్రము తెలియదు. తాము కోరుకొనునది కనబడినప్పుడు మనుష్యులు తొందరపడి నమ్ముదురు. ఆ తొందరను అడ్డుకొనుటకే వారు తమకు తామే యీ కఠిన పరీక్షను విధించుకొనిరి. పరీక్షలన నేమో బాగుగ నెఱిగిన మన విద్యార్థులు ఈ కథను జ్ఞాపకముంచుకొందురు గాక.

పిమ్మట యంత్రములను బాగుచేసి మరల ఆలకించిరి. 2015వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన తొలి తరంగము వచ్చెను. సూర్యునికంటె 36 రెట్లు బరువుగల కృష్ణబిలమొకటియు, 29 రెట్లు బరువుగల కృష్ణబిలము వేఱొకటియు ఒకదానిచుట్టు నొకటి తిరిగి తిరిగి, రమారమి 130 కోట్ల యేండ్లక్రిందట ఏకమైన నాటి తరంగమది. కృష్ణబిలమనగా కాంతిని సైతము వెలికి పోనీయనంత గురుత్వము గల వస్తువు. ఆ రెండును కలసినపుడు 65 కావలసిన బరువు 62 మాత్రమే మిగిలెను; తక్కిన మూడు సూర్యుల బరువును తరంగములై పోయెను. ఐన్‌స్టైను చెప్పిన తొంబదితొమ్మిదవ యేట ఆయన మాట యంత్రమునకు వినబడెను. 2016 ఫిబ్రవరి 11వ తేదీన ఈ వార్త లోకమునకు ప్రకటింపబడెను. రెయినర్ వైస్, కిప్ థార్న్, బారీ బారిష్ అను మువ్వురికి 2017లో నోబెలు బహుమాన మిచ్చిరి. అప్పటినుండి యిట్టి తరంగములు రెండువందలకు పైగా వినబడినవి.

ఈ పనిలో మన దేశస్థుల భాగము తక్కువది కాదు. కృష్ణబిలమును కదలించినచో అది కొట్టిన గంటవలె కొంతసేపు మ్రోగి అడగునని 1970లో లెక్కకట్టిన వారు కన్నడదేశస్థులగు సి. వి. విశ్వేశ్వర. చప్పుళ్ల గుంపులో తరంగపు గుఱుతును వేఱుచేసి పట్టు పద్ధతిని పూనాలో సంజీవ్ ధురంధర్, ఆయన శిష్యులు పెంపొందించిరి. బెంగుళూరున బాలా అయ్యరు తరంగపు రూపమును గణితముచే ముందుగా నిర్ణయించు కార్యమున చిరకాలము శ్రమించిరి. వీరు పనిచేసిన నాడు మన దేశమున వేధశాల లేదు. కాగితము, కలము, గణితము, ఓర్పు మాత్రమే యుండెను.

రెండు వేధశాలలు చాలవా, మూడవది నాల్గవది ఏల యని యడుగవచ్చును. రేవులో మంచు కమ్మిన వేళ ఓడ కూత వినబడినదనుకొందము. ఒక్కచోట నిలిచినవాడు కూత విన్నాననును గాని యెక్కడనుండి వచ్చినదో నిశ్చయింపలేడు. దూరదూరముగా ముగ్గురు నలుగురు నిలిచి, ఎవ్వరికెప్పుడు వినబడినదో సరియైన వేళ వ్రాసికొని పోల్చిచూచినచో ఓడ యుండు చోటు తేలును. గురుత్వ తరంగముల విషయమును ఇట్టిదే. 2015లో తొలి తరంగము లివింగ్‌స్టనునకు ముందు వచ్చి, సెకనులో వెయ్యింట ఏడు వంతుల కాలము గడచిన పిమ్మట హాన్‌ఫర్డునకు చేరెను. ఆ స్వల్ప భేదమునుబట్టి, అది యాకాశమున రమారమి మూడువేల పూర్ణచంద్రులు పట్టునంత విశాలభాగమున నెక్కడనో పుట్టినదని మాత్రము చెప్పగలిగిరి. అంత చోటులో ఏ దూరదర్శిని వెదకగలదు?

2017 ఆగస్టున ఇటలీలోని విర్గో వేధశాల వారితో చేరెను. ఆ నెల 17వ తేదీన రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొనిన తరంగము వచ్చెను. మూడు వేధశాలల వేళలను పోల్చగా వెదకవలసిన చోటు మిక్కిలి తగ్గెను. కొలది గంటలలోనే దూరదర్శినులు దానిని 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునగల నక్షత్రమండలమున కనుగొనెను. బంగారము వంటి బరువైన లోహములు అట్టి ఘాతములందు పుట్టుచున్నవని నాటి వెలుగువలన తెలియవచ్చెను. మన తల్లుల మెడలలోని మంగళసూత్రపు బంగారమునకును ఆకాశపు ఘాతములకును గల చుట్టఱికము ఇట్లు బయటపడినది. జపానులో కాగ్రా యను వేధశాలయు తరువాత చేరినది. భారతదేశమున నొకటి వెలసినచో, అది అమెరికాకు భూమిలో రమారమి ఆవలి ప్రక్కన నుండును గనుక, అమెరికాకును మనకును తరంగము చేరు వేళలో భేదము సెకనులో వెయ్యింట ముప్పది వంతులకు మించి యుండవచ్చును. భేదము హెచ్చినకొలది చోటు నిశ్చయముగా తెలియును. హింగోలి వేధశాల యందఱికిని కావలసివచ్చుటకు కారణమిదియే. అది మన దేశమునకు మాత్రమే గాక లోకమున కంతటికిని చెవి కాగలదు.

సరియైన వేళవలన సరియైన చోటు తెలియు ననునది విశాఖపట్టణమునకు క్రొత్త సంగతి కాదు. గోడే వెంకట జగ్గారావుగారను జమీందారు చెన్నపట్టణపు వేధశాలాధికారి టేలరుగారివద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి వచ్చి, 1840వ సంవత్సరమున విశాఖపట్టణమున డాబా తోటలలో తమ స్వంత ధనముతో వేధశాలను స్థాపించిరి. మనకు దినదినము కనబడు డాల్ఫిన్ నోస్ కొండమీద ధ్వజస్తంభము నెత్తించి, దాని మూలమున రేవులోని నావికులకు సరియైన వేళ తెలియునట్లు ఏర్పాటు చేసిరి. నడిసముద్రమున నావికుడు తానున్న చోటును తెలిసికొనవలెనన్నచో అతని గడియారము తప్పులేక యుండవలెను. ఆ ధ్వజమును చూచి గడియారములు దిద్దుకొనిన నావికులకును, సెకనులో వెయ్యవ వంతును పోల్చి నక్షత్రముల చోటు తెలిసికొను నేటివారికిని మార్గమొక్కటే.

జగ్గారావుగారు 1856లో మరణింపగా వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు ఆ కార్యమును కొనసాగించిరి. 1874లో సూర్యబింబము మీదుగా శుక్రుడు నడచుటను గమనించి వ్రాసిరి. లండనులోని రాజకీయ ఖగోళ సంఘమున సభ్యులుగా నెన్నుకొనబడిరి. నేడు ఆ వేధశాల లేదు. డాబా తోటలు పేటగా మాఱినవి. అటువైపు పోవువారిలో దానిని తలచువా రరుదు. దానికి ధనము కొఱతపడి కాదు. ఆ పనిని తమ పనిగా చేసికొను శిష్యపరంపర యేర్పడక పోవుటయే దాని క్షయమునకు ముఖ్యకారణమని మా యభిప్రాయము. ఒక కుటుంబపు శ్రద్ధ యెంత గొప్పదైనను రెండు మూడు తరములకంటె మించి నిలుచుట కష్టము.

తల్లిదండ్రులలో కొందఱు, బీదలు పెక్కుమంది గల దేశమున 2600 కోట్లు ఇట్టి పనికి వ్యయపఱచుట తగునా యని యడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసివేయుట న్యాయము కాదు. జనసంఖ్యను 140 కోట్లుగా గొన్నచో తలకు పందొమ్మిది రూపాయలకు లోపు పడును, అదియు పెక్కేండ్లలో. అయినను తక్కువ వ్యయమనుట మాత్రమే తగిన సమాధానము కాదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగునేల మీదుగా సాగెను. దానిని చూచుటకు జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు గుంటూరునకును, చెన్నపట్టణపు వేధశాలాధికారి పోగ్సను బందరునకును వచ్చిరి. నాడు సూర్యుని అంచునగల జ్వాలల కాంతిలో ఒక పసుపుపచ్చని గీత కానవచ్చెను. భూమిమీద నెఱిగిన యే మూలద్రవ్యమునకును అది చెందనందున, క్రొత్త ద్రవ్యమని యెంచి దానికి హీలియమని పేరిడిరి. 1895లో గాని అది భూమిమీద దొరకలేదు. నేడు ఆసుపత్రులలో దేహము లోపలి భాగములను చిత్రించు గొప్ప యయస్కాంత యంత్రములను చల్లబఱచునది ఆ హీలియమే. గ్రహణమును చూచినవా రెవ్వరును ఆసుపత్రిని తలచి చూడలేదు. హింగోలి వేధశాలయు నిట్టి ఫలమునే యిచ్చునని మేము వాగ్దానము చేయజాలము. ఎఱుగవలెనను కోరికతో చేసిన పని యెన్నడు ఎవ్వరికి అక్కఱకు వచ్చునో ముందుగా చెప్పరాదని మాత్రము చెప్పగలము. అంతేగాక, ప్రోటానులో వందల వంతును కొలుచుట నేర్చిన చేతులు దేశమున నుండుట తానే యొక ధనము.

ఇక మిగిలినది మనుష్యుల సంగతి. శంకుస్థాపనచేతను ధనముచేతను కట్టడము లేచును, వేధశాల కాదు. రాత్రివేళ యంత్రమును కనిపెట్టియుండువారును, అతుకు కారినచో వెదకి పట్టువారును, కోరుకొనినది కనబడినను నమ్ముటకు ముందు పదిసార్లు పరీక్షించువారును చేరినప్పుడే అది వేధశాల యగును. నేడు పదునాలుగేండ్ల ప్రాయముగల విద్యార్థి హింగోలి యంత్రము ఆలకింప మొదలిడు నాటికి యువకుడగును. ఆ కుర్చీలలో కూర్చుండవలసిన వారు నేటి బడిపిల్లలే. వారిలో బాలికలును ఉండవలెను. కుమార్తెకు గణితము తగదను తలంపును తల్లిదండ్రులు విడువవలెను.

విద్యార్థులారా, ఇందులకు హింగోలి వఱకు పోనక్కఱలేదు. ఒక చిన్న గాజుపాత్రలో పడిన వానను దినదినము కొలిచి వ్రాయుడు. సముద్రపు పోటు ఏ వేళకు వచ్చినదో నెలరోజులు గుఱించి, చంద్రుని కళలతో పోల్చిచూడుడు. ఒక దినము మఱచినచో ఆ గడిని ఖాళీగా విడువుడు, ఊహించి నింపకుడు. ఆ ఖాళీ గడిని ఖాళీగా నుంచుటకు కావలసిన నిజాయితీయే, 2011వ సంవత్సరమున ఆ లకోటాను విప్పిన నాడు శాస్త్రజ్ఞుల కక్కఱకు వచ్చినది. జగ్గారావుగారి ధ్వజమునకు కొఱతపడిన వారసులు ఈ తరమున మన బడులనుండియే బయలుదేరుదురు గాక యని మేము కోరుచున్నాము.